ఐదో ఇండియానా జోన్స్: 1984 నాటి బాకీ తీరిందా?



బల్కంపేట రూముల్లో, అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటూ కోచింగ్‌లకు తిరిగే మనకు సినిమా అంటే ఆదివారం తీరిక. 2023 జూన్‌లో అమీర్‌పేట పాత సత్యం థియేటర్ ఉన్న చోట మల్టీప్లెక్స్ తెరిచారు. ఆ నెలాఖరుకే 'ఇండియానా జోన్స్ అండ్ ద డయల్ ఆఫ్ డెస్టినీ' విడుదలైంది. 1981లో మొదలైన వరుసలో ఇది ఐదోది. హీరో హారిసన్ ఫోర్డ్‌కు అప్పటికి 80 ఏళ్లు.

ఇంత ఆలస్యంగా వచ్చిన సీక్వెల్‌ను ఎట్లా తూచాలి? ఫైట్లు, గ్రాఫిక్స్ సంగతి అందరూ మాట్లాడారు. మేం అడిగేది ఒకటే: పాత సినిమాలు చేసిన తప్పును ఈ కొత్తది చూసిందా, లేదా?

ముందు మంచి చెప్పుకుందాం. కథ 1969లో నడుస్తుంది. విలన్ ఒకప్పటి నాజీ, ఇప్పుడు అమెరికా చంద్రయాత్రకు పనిచేసే శాస్త్రవేత్త. ఇది ఉత్త కల్పన కాదు. యుద్ధం అయ్యాక వెర్నర్ ఫాన్ బ్రౌన్ లాంటి జర్మన్ రాకెట్ నిపుణులను అమెరికా తీసుకుపోయి పని ఇచ్చింది. అంటే తమ దేశం దాచుకున్న విషయాన్ని ఈ సినిమా ధైర్యంగానే బయటపెట్టింది.

మరి మన సంగతి?

రెండో సినిమా 'టెంపుల్ ఆఫ్ డూమ్' 1984లో వచ్చింది. కథ 1935 నాటి ఇండియాలో. కాళికి నరబలి ఇచ్చే థగ్గులు, పిల్లలను ఎత్తుకెళ్లే పూజారిగా అమ్రిష్ పురి. స్క్రిప్టు చూసి మన ప్రభుత్వం షూటింగ్‌కు ఒప్పుకోలేదు, శ్రీలంకలో తీశారు. చివర్లో హీరోను కాపాడటానికి వచ్చేది బ్రిటిష్ సైన్యమే!

ఈ థగ్గుల కథ ఎక్కడిది? 1830లలో స్లీమన్ అనే కంపెనీ అధికారి వాళ్లను పట్టే పనికి దిగాడు. దారిదోపిడీలు జరిగిన మాట నిజమే. కానీ అదొక వంశపారంపర్య మతం అని అతను రాసినదాన్ని తర్వాతి చరిత్రకారులు చాలామంది ప్రశ్నించారు. పుట్టుకతోనే దొంగ అనే ఆ ఆలోచనే 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టమైంది, 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల వాళ్లు వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు ఉండాలి. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. పేరు పోయింది గానీ మచ్చ పోలేదు.

ఐదో సినిమా దీన్ని ఏం చేసింది? హెలెనాతో కొండ ఎక్కుతూ ముసలి ఇండీ తన పాత కష్టాలు ఏకరువు పెడతాడు. అందులో కాళి రక్తం తాగించారన్నది ఒకటి. హాల్లో నవ్వు, అంతే. నాజీల విషయంలో చరిత్ర తిరగేసిన సినిమా మన విషయంలో జోకుతో దాటేసింది.

హాలీవుడ్‌ను అని ఊరుకుంటే న్యాయం కాదు. 1991లో తెలుగులో 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్', 'స్టూవర్టుపురం దొంగలు' వచ్చాయి. 2023లోనే 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. ఆ ఊరినీ ఎరుకల జాతినీ కించపరిచారని దాని టీజర్ మీద హైకోర్టుకు కూడా వెళ్లారు. ఊరి పేరు చెబితే దొంగ అనుకునేలా చేసినదాంట్లో మన తెరకూ వాటా ఉంది.

కాబట్టి మా తీర్పు ఇది: వృద్ధాప్యం గురించి ఇది మనసున్న సినిమా, కానీ బాకీ తీర్చని సినిమా. నలభై ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చేవాడికి వెనక్కి తిరిగి చూసుకునే అవకాశం ఉంటుంది. ఆ అవకాశాన్ని సగమే వాడుకున్నారు.

మీ తండాల్లో, గూడేల్లో, కాలనీల్లో ఆ హాజరు రోజులు విన్న పెద్దవాళ్లు ఇంకా ఉంటే అడిగి రాసి పెట్టండి. మన కథ మనం రాయకపోతే స్లీమన్ రాసిందే సినిమా అవుతుంది.