సాంకేతిక గణన సాఫ్ట్‌వేర్: కంచన్‌బాగ్ నుంచి శంషాబాద్ దాకా

మాత్రికలు, అవకలన సమీకరణాలు, సంకేతాల విశ్లేషణ వంటి లెక్కలకు కావలసిన ఫంక్షన్లను ముందే సిద్ధం చేసి ఇచ్చేది సాంకేతిక గణన సాఫ్ట్‌వేర్. మ్యాట్‌ల్యాబ్, సైల్యాబ్, ఆక్టేవ్ ఈ కోవలోవి. హైదరాబాద్‌లో ఇలాంటి లెక్కల అవసరం గట్టిగా ఉన్న చోటు నగరానికి దక్షిణాన, కంచన్‌బాగ్ రక్షణ ప్రయోగశాలల నుంచి శంషాబాద్ విమానాశ్రయం వరకు ఉన్న ప్రాంతం.

1967లో హైదరాబాద్‌లో ఏర్పడిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 కంప్యూటర్‌ను తెచ్చింది. ఆ రోజుల్లో ఇంజినీరు ఫోర్ట్రాన్‌లో ప్రోగ్రాము రాసుకోవలసిందే. 1970ల చివర క్లీవ్ మోలర్ న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో తన విద్యార్థులకు ఆ శ్రమ తప్పించాలని మ్యాట్‌ల్యాబ్ తయారుచేశాడు. అందులో ఉన్న పదాలూ ఫంక్షన్లూ అన్నీ కలిపి 71. కొత్త ఫంక్షన్ కావాలంటే మూల ప్రోగ్రామునే మార్చి మళ్లీ కంపైల్ చేయాలి. 1984లో మ్యాథ్‌వర్క్స్ సంస్థ ద్వారా వెలువడిన రూపాన్ని జాక్ లిటిల్, స్టీవ్ బాంగర్ట్ సీ భాషలో తిరగరాశారు. అప్పటినుంచి వాడుకరి తన ఫంక్షన్‌ను విడి ఫైలుగా రాసుకుని, అందులో ముందే ఉన్నవాటితో సమానంగా పిలవగలిగాడు. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. లెక్క తెలిసినవాడే పనిముట్టును పెంచుకోగలిగాడు.

హైదరాబాద్‌లో సమస్య మరో వైపు నుంచి వచ్చింది. క్షిపణి చుట్టూ గాలి ప్రవాహాన్ని లెక్కించాలంటే ఆ ప్రదేశాన్ని చిన్న చిన్న గడులుగా విభజించి, ప్రతి గడికీ సమీకరణాలు మళ్లీ మళ్లీ సాధించాలి. ఎంత మంచి ఫంక్షన్ అయినా ఒక్క ప్రాసెసర్ మీద నత్తనడకే. 1988లో కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ నెలకొల్పిన అనురాగ్ ప్రయోగశాల ఇందుకోసమే పేస్ అనే సమాంతర కంప్యూటర్‌ను నిర్మించింది. ఇలాంటి యంత్రంలో ప్రతి ప్రాసెసర్ కొన్ని గడుల బాధ్యత తీసుకుని, సరిహద్దు విలువలను పక్కవాటికి పంపుతుంది. పేస్ మొదటి నమూనాలో నాలుగు ప్రాసెసర్లు. తర్వాత అవి 128 దాకా పెరిగాయి.

పహాడీ షరీఫ్ దగ్గరి డీఆర్‌డీఓ ప్రయోగశాల రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌ది ఇంకా కఠినమైన షరతు. హార్డ్‌వేర్ ఇన్ ద లూప్ పరీక్షలో క్షిపణిలోని అసలు పరికరాలు కంప్యూటర్ లెక్కించే గమనానికి ఎప్పటికప్పుడు స్పందిస్తాయి. జవాబు సరైనదై కూడా ఆలస్యంగా వస్తే పరీక్ష చెడుతుంది.

2008లో విమానాశ్రయం ప్రారంభమయ్యాక శంషాబాద్‌లో జీఎంఆర్ ఏరోస్పేస్ పార్కు పెరిగింది. ఇలాంటి లెక్కల అవసరం అక్కడి ప్రైవేటు సంస్థలకూ వచ్చింది. అక్కడ ప్రాంగణం ఉన్న రాకెట్ సంస్థ స్కైరూట్‌ను 2018లో ఇస్రో మాజీ ఇంజినీర్లు పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా స్థాపించారు. వారి విక్రమ్-ఎస్ రాకెట్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది.

చదువుకునేవారికి మ్యాట్‌ల్యాబ్ లైసెన్సు ఖర్చు పెద్ద అడ్డంకి. ఫ్రాన్స్‌లో పుట్టిన సైల్యాబ్, జాన్ ఈటన్ 1992లో రాయడం మొదలుపెట్టిన ఆక్టేవ్ ఉచితంగా దొరుకుతాయి. ఐఐటీ బొంబాయిలోని ఫోసీ బృందం పాఠ్యపుస్తకాల్లోని లెక్కలను విద్యార్థుల చేతనే సైల్యాబ్‌లో రాయించి అందరికీ అందుబాటులో ఉంచింది.