రాజీకి దక్కిన ఆయుష్షు: కెనడా వలస చట్టాల్లో పార్లమెంటు, మంత్రివర్గం

వలస సంస్కరణల మీద రాజకీయ ప్రతిష్టంభన అనగానే తెలుగువారికి ముందు అమెరికా గుర్తుకొస్తుంది. 2013లో అక్కడి సెనేట్ 68–32 ఓట్లతో ఆమోదించిన సంస్కరణ బిల్లును ప్రతినిధుల సభ చర్చకే తీసుకోలేదు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం అన్న పరిమితి ఇంకా అలాగే ఉంది. కెనడాలో మాత్రం పార్టీలు సర్దుకుపోతాయని, పనులు సాగుతాయని మనలో ఒక నమ్మకం స్థిరపడింది. అది సగమే నిజమని ఈ వ్యాసం వాదన. అక్కడ ప్రతిష్టంభన కనబడకపోవడానికి పార్టీల మధ్య రాజీ కన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. వలస నిబంధనలను మార్చే అధికారం పార్లమెంటును దాటి మంత్రుల చేతికి వెళ్లింది. 2008–2012 మధ్య జరిగిన పరిణామాలు ఇందుకు ప్రధాన ఆధారం.

మంత్రివర్గ ఉత్తర్వులు భారతీయులకు చెడు మాత్రమే చేశాయని అనలేం. 1951 ఒప్పందం ప్రకారం ఏడాదికి 150 మంది భారతీయులకే వలస అవకాశం ఉండేది. 1957లో అది 300 అయింది. 1962లో మంత్రి ఎలెన్ ఫెయిర్‌క్లో జాతివివక్షను చాలావరకు తొలగించినా, 1967లో పియర్సన్ ప్రభుత్వం పాయింట్ల పద్ధతి తెచ్చినా అవి రెండూ చట్టాలు కావు, నిబంధనలే. మన డాక్టర్లూ ఇంజనీర్లూ చదువు చూపించి వెళ్లగలిగింది వాటి వల్లే. 1976 చట్టం దారి వేరు. ఉభయసభల సంయుక్త సంఘం 1975లో దేశమంతా తిరిగి జనం మాట విన్న తర్వాతే ఆ చట్టం రూపు దిద్దుకుంది.

2008 నాటికి స్కిల్డ్ వర్కర్ విభాగంలో తేలని దరఖాస్తుల్లో దాదాపు 6,40,000 మంది భవిష్యత్తు చిక్కుకుని ఉంది. వచ్చిన ప్రతి దరఖాస్తునూ పరిశీలించి తీరాలన్న చట్టబాధ్యతే ఆ వరుసను పెంచిందన్న ప్రభుత్వ వాదనలో బలముంది. అభ్యంతరం పరిష్కరించిన తీరు మీదే. సభలో మెజారిటీ లేని హార్పర్ కన్సర్వేటివ్ ప్రభుత్వం వలస చట్ట సవరణను విడిగా తేకుండా సి-50 అనే బడ్జెట్ బిల్లులో చేర్చింది. బడ్జెట్ ఓడితే ప్రభుత్వం పడి ఎన్నికలు వస్తాయి. ఎన్నికలకు సిద్ధంగా లేని లిబరల్ పార్టీ సవరణను తిడుతూనే, బిల్లు నెగ్గేటట్టు తన సభ్యుల్లో చాలామందిని ఓటింగుకు దూరంగా ఉంచింది. దీన్ని రాజీ అనలేం. ప్రతిపక్షానికి దక్కింది ఎన్నికల వాయిదా ఒక్కటే, అదీ ఆ అక్టోబరు దాకానే.

ఆ సవరణతో ఏ దరఖాస్తులు తీసుకోవాలో, ఏవి వెనక్కి పంపాలో ఆదేశించే అధికారం మంత్రికి దఖలుపడింది. 2008 నవంబరులో ప్రధానంగా 38 వృత్తులకే అర్హత అన్నారు, దాన్ని ఫిబ్రవరి 27 నుంచి వచ్చిన దరఖాస్తులకూ వర్తింపజేశారు. 2010 జూన్‌లో వృత్తులు 29 అయ్యాయి, ఏడాదికి 20,000 దరఖాస్తులన్న పరిమితి వచ్చింది. 2011లో అది 10,000కు దిగింది. 2012 జూలైలో కొత్త దరఖాస్తులే చాలావరకు ఆపేశారు. వీటిలో ఒక్కదానికీ పార్లమెంటులో ఓటింగు అవసరం కాలేదు.

ఇదే ప్రభుత్వం 2010లో నిజమైన రాజీ కూడా చేసింది. దాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. శరణార్థులకు అప్పీలు విభాగం ఉండాలని 2001 చట్టంలోనే రాసి ఉన్నా, లిబరల్ ప్రభుత్వమూ దాని తర్వాతి కన్సర్వేటివ్ ప్రభుత్వమూ దాన్ని అమలు చేయలేదు. మంత్రి జేసన్ కెన్నీ తెచ్చిన సి-11 బిల్లు అప్పీలు ఇస్తూనే, ‘సురక్షిత దేశాల’ వారికి మాత్రం నిరాకరించింది. మెజారిటీ లేదు కాబట్టి ఆయన ప్రతిపక్షాలతో కూర్చోక తప్పలేదు. చివరికి అప్పీలు అందరికీ దక్కింది. సురక్షిత దేశాలవారి కేసులు త్వరగా తేల్చే వెసులుబాటు ప్రభుత్వానికి దక్కింది. ఏ దేశం సురక్షితమో చెప్పేటప్పుడు మానవహక్కుల నిపుణుల సలహా తీసుకోవాలన్న షరతు చేరింది. సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. నా అంచనాలో ఇటీవలి కెనడా వలస చరిత్రలో ఇంతకన్నా పద్ధతిగా తయారైన చట్టం లేదు.

దాని కీలక భాగాలు 2012 జూన్ 29 నాటికి అమల్లోకి రావాలి. 2011 మేలో కన్సర్వేటివ్‌లకు మెజారిటీ వచ్చింది. 2012 జూన్ 28న, గడువుకు ఒక్కరోజు ముందు, సి-31 అనే మరో బిల్లు చట్టమై ఆ రాజీని చెరిపేసింది. సురక్షిత దేశాలవారికి అప్పీలు పోయింది, నిపుణుల సలహా పోయింది. మర్నాడే నాలుగు వందల పేజీలు దాటిన సి-38 బడ్జెట్ బిల్లు చట్టమైంది. 2008 ఫిబ్రవరి 27కు ముందు పెట్టుకున్న, ఇంకా తేలని స్కిల్డ్ వర్కర్ దరఖాస్తులను అది రద్దు చేసి ఫీజు తిరిగిస్తామంది. దాదాపు 2,80,000 మంది, కుటుంబాలతో సహా, వరుసలోంచే తొలగిపోయారు. నియమం ప్రకారం ఏళ్లతరబడి ఎదురుచూసిన వారి వయసు ఈలోగా పెరిగింది, వయసుతో వచ్చే పాయింట్లు తగ్గాయి. వాపసు వచ్చిన ఫీజు ఆ నష్టాన్ని ఎలా పూడుస్తుంది? ఫెడరల్ కోర్టు ఈ రద్దును తప్పుపట్టలేదు. చట్టం స్పష్టంగా ఉంటే న్యాయస్థానం చేయగలిగింది తక్కువ.

శరణార్థుల విషయంలో మాత్రం కోర్టులే మళ్లీ 2010 రాజీ వైపు నడిపించాయి. సురక్షిత దేశాలవారికి అప్పీలు నిరాకరించడం రాజ్యాంగ హక్కులకు విరుద్ధమని ఫెడరల్ కోర్టు 2015లో తీర్పిచ్చింది. 2019 మేలో ప్రభుత్వం ఆ జాబితాలోని దేశాలన్నిటినీ తొలగించింది. చర్చల్లో కుదిరినదాన్ని మెజారిటీ బలంతో తీసేసి, ఏడేళ్ల వ్యాజ్యాల తర్వాత దాదాపు అక్కడికే చేరారన్నమాట.

2008లో మంత్రి అధికారాన్ని విమర్శించిన లిబరల్ పార్టీ తాను అధికారంలోకి వచ్చాక అదే బాటలో ఇంకా ముందుకెళ్లింది. 2022లో ఏడాదికి 5,00,000 మందిని తీసుకుంటామన్న ప్రభుత్వం 2024 అక్టోబరులో 2025 లక్ష్యాన్ని 3,95,000కు కుదించింది. 2024 జనవరిలోనే విద్యార్థి వీసాలపై పరిమితి పెట్టింది. బ్రాంప్టన్ కాలేజీలో చదివి పీఆర్ (శాశ్వత నివాసం) తెచ్చుకుందామని అప్పు చేసి వెళ్లిన మన పిల్లలకు లెక్కలన్నీ తారుమారయ్యాయి. మార్క్ కార్నీ ప్రభుత్వం 2025 జూన్‌లో సి-2 బిల్లు తెచ్చింది, వ్యతిరేకత రావడంతో అక్టోబరులో కొన్ని భాగాలను సి-12గా విడదీసింది. ప్రజాప్రయోజనం పేరుతో వీసాలనూ దరఖాస్తులనూ మూకుమ్మడిగా నిలిపివేసే, రద్దు చేసే అధికారం అందులో ఉంది. 2012లో అలాంటి పనికి కనీసం ఒక చట్టం చేయవలసి వచ్చింది. సి-12 ప్రకారం అందుకు మంత్రివర్గ ఉత్తర్వు చాలు.

కామన్స్ సభలోని పౌరసత్వ, వలస స్థాయీ సంఘం తాను పరిశీలించే అంశాలపై ఎవరు రాసి పంపినా అభిప్రాయం స్వీకరిస్తుంది. కెనడాలోని తెలుగు సంఘాలు ఉగాది వేడుకలకు పెట్టే శ్రద్ధలో కొంత దీనికీ పెట్టాలి. నిబంధన మారినప్పుడు అప్పటికే వరుసలో ఉన్నవారికి పాత నియమమే వర్తించాలని, దాన్ని మంత్రి దయకు వదలకుండా చట్టంలోనే రాయాలని లిఖితపూర్వకంగా కోరాలి.