తాళం ఎవరిది?

గుప్తలిపి చిరకాలం ప్రభువుల సొత్తు, సైన్యాల సొత్తు. 1996 దాకా అమెరికా ప్రభుత్వం బలమైన ఎన్‌క్రిప్షన్ సాధనాలను యుద్ధసామగ్రి జాబితాలోనే వుంచింది. ఆ విద్య సామాన్యుని బల్లమీది కంప్యూటరుకు చేరిన చరిత్రను పరిశీలించవలసి వుంది.

2004లో లినక్స్ కెర్నెల్‌లో డీఎం-క్రిప్ట్ చేరింది. అది డిస్కు మొత్తానికి వేసే తాళం. 2006లో చేరిన ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ ఫోల్డరుకు వేసే తాళం. దీని ఆధారంతోనే 2009లో, లినక్స్ వ్యవస్థల్లో వొకటైన ఉబుంటు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే హోమ్ ఫోల్డరుకు తాళం వేసుకునే వీలు కల్పించింది. 2018లో ఆ వీలును తొలగించింది. ఏ ప్రభుత్వమూ నిషేధించలేదు. ఆ కోడులోని లోపాలను దిద్దే చేతులు కరువైనాయి, అంతే. డిస్కు తాళం మాత్రం నిలిచింది.

కోడు బహిరంగమైతే చాలు, అది ప్రజలదవుతుందని నేను విద్యార్థులకు చెబుతూ వచ్చాను. అది సగం సత్యమేనని యీ చరిత్ర నాకు నేర్పింది. చెరువు వూరందరిదీ కావచ్చు. యేటేటా పూడిక తీసేవారు లేకపోతే అది ఎవరి పొలాన్నీ తడపదు. ప్రభువుల చేతినుంచి తాళం మన చేతికి వచ్చిన మాట నిజమే. దాన్ని వాడుకునేవారం ఇందరం వున్నాము. మరమ్మతుకు చేయి వేసేవారం ఎందరం?