చిత్తుకాగితముల సాక్ష్యము



పూర్వము మన గ్రామకరణములు లెక్కలను ముందుగా చిత్తున వ్రాసికొని, పిదప శుద్ధప్రతి సిద్ధపరచి కచేరికి పంపుచుండిరి. శుద్ధప్రతి నిర్మలముగా నుండును. కొట్టివేతలు, దిద్దుబాట్లు చిత్తుననే నిలుచును. నేను పెక్కేండ్లు బడిపంతులుగా నుండి తెలిసికొన్న దొకటి కలదు. బాలుని లెక్క తప్పో యొప్పో శుద్ధప్రతి చెప్పును గాని, వాని బుద్ధి యెచ్చట తడబడెనో, వాని కెవరు సాయపడిరో చిత్తుకాగితమే చెప్పును. పురాతత్త్వశాస్త్రమునకును నీ న్యాయమే వర్తించును.

త్రవ్వకములను గూర్చిన అచ్చుపుస్తకము ఫలితమును తెలుపును. ఆ ఫలిత మెట్లు చేకూరెనో, నడుమ నేమి నశించెనో, ఎవరి శ్రమ మరుగుపడెనో తెలియవలెనన్న, పని ముగిసినపిదప మూలబడిన ఉత్తరములను, దినచర్యలను, చిత్తుపటములను వెదకవలెను.

అమరావతినే చూడుడు. అచట దీపాలదిన్నె యని జనులు పిలిచిన దిబ్బ బౌద్ధస్తూపము. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగా రచట పట్టణము నిర్మింపించుచుండగా శిల్పములు బయల్పడెను. వానిలో పెక్కు కట్టడములకు పోయెను. కొన్ని సున్నపుబట్టీల పాలయ్యెను. ఆ దినములలోనే చూచిపోయిన కాలిన్ మెకంజీ దొర 1816లో మరల వచ్చి, తన చిత్రకారులచే దిబ్బకు పటమును, శిల్పములకు చిత్రములను వ్రాయించెను. 1845లో వాల్టర్ ఎలియట్ దొర త్రవ్వించిన శిలలు మదరాసు చేరి, వానిలో పెక్కు 1859లో లండనుకు పోయెను. మెకంజీ చిత్రములలోని కొన్ని శిల్పములు నేడెచ్చటను కానరావు. శిల పోయెను; కాగితము నిలిచెను.

మరియొక విషయము. మెకంజీ దొరకు దేశభాషలు రావు. ఊరూర తిరిగి శాసనములకు నకళ్లు తీసి, కరణముల నడిగి కైఫీయతులు వ్రాసి తెచ్చినవారు మనవారే. వారిలో అగ్రగణ్యుడు ఏలూరి కావలి వేంకట బొర్రయ్య. హళగన్నడ శాసనములు చదువుటకు దారి చూపిన యీ పండితుడు ముప్పదియేండ్లయినను నిండకముందే 1803లో స్వర్గస్థుడయ్యెను. అచ్చుపుస్తకములపై దొర పేరే యుండును. కాని 1817లో జాన్‌స్టన్ అను మిత్రునకు వ్రాసిన యుత్తరమున, ఈ బ్రాహ్మణయువకుని పరిచయమువలననే తనకు భారతీయవిద్యలలో ప్రవేశము కలిగినదని దొరయే యొప్పుకొనెను. బొర్రయ్య తమ్ముడు లక్ష్మయ్య క్రింద పనిచేసినవారు పంపిన నివేదికలలో, ఏ యూర నెవరు పత్రములు చూపిరో, ఎవరు శంకించిరో కానవచ్చును. ఆ కాగితములు లేకున్నచో ఆ సేవకు గుర్తే మిగిలెడిది కాదు.

1821లో మెకంజీ మరణింపగా, ప్రభుత్వమువారు లక్ష రూప్యముల కా సంచయమును కొనిరి. లండనులో నుపయోగము లేక పడియున్న తెలుగు వ్రాతప్రతులను చూచి, 1830 తరువాత వానిని మదరాసుకు తిరిగి పంపించినవాడు బ్రౌను దొర.

చిత్తులోని మాట యెల్ల సత్యమని నే ననను. అందును మఱపు, స్వార్థము ఉండవచ్చును. అందుచేతనే ప్రతిని ప్రతితో సరిచూడవలెను. కాని చూచుటకు కాగితము మిగిలియుండవలెను గదా!

పెద్దలారా! మీ యటుకలమీద పాతకవిలెలు, తాటాకుకట్టలు, చెదలు తిన్న యుత్తరములు ఉన్నచో, పొయ్యిలో వేయుటకు ముందు, దుకాణములో పొట్లములకిచ్చుటకు ముందు, చదువ నేర్చినవారి కొకసారి చూపుడు. ఏ బొర్రయ్య పేరు వానిలో దాగియున్నదో యెవరెఱుగుదురు?