ఉన్నత పాఠశాల చదువుకు కళాశాల క్రెడిట్ (అమెరికా)

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, ఉన్నత పాఠశాలలో చదివిన కొన్ని పాఠ్యాంశములను కళాశాలలు గుర్తించి, డిగ్రీ చదువులో వాటికి స్థానము కల్పించు పద్ధతి కలదు. అక్కడ ఉన్నత పాఠశాల (హైస్కూలు) అనగా 9 నుండి 12వ తరగతి వరకు. కనుక మన ఇంటర్మీడియట్ స్థాయి కూడ అందులోనే ఇమిడియున్నది. ఈ గుర్తింపు క్రెడిట్, ప్లేస్‌మెంట్ అని రెండు విధములుగా ఉండును.

క్రెడిట్, ప్లేస్‌మెంట్

వారమునకు 3 గంటల చొప్పున ఒక సెమిస్టరు సాగు కోర్సునకు సాధారణముగా 3 క్రెడిట్లు లభించును. బ్యాచిలర్ డిగ్రీకి సుమారు 120 క్రెడిట్లు అవసరము. కళాశాల క్రెడిట్ ఇచ్చినచో ఈ మొత్తములో అంత భాగము పూర్తి అయినట్లే. రుసుము, కాలము ఆదా కావచ్చును. ప్లేస్‌మెంట్ మాత్రమే ఇచ్చినచో విద్యార్థి తొలి కోర్సును విడిచి పై కోర్సులో చేరవచ్చును గాని, చదువవలసిన మొత్తము క్రెడిట్లు తగ్గవు.

ప్రధాన మార్గములు

అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ): 1950వ దశకము ఆరంభములో ఫోర్డ్ ఫౌండేషన్ సహాయముతో ప్రయోగాత్మకముగా మొదలై, 1955లో కాలేజ్ బోర్డ్ నిర్వహణలోకి వచ్చినది. పరీక్షలు ప్రతి సంవత్సరము మే నెలలో జరుగును. స్కోరు 1 నుండి 5 వరకు. కాలిక్యులస్ ఏబీ ఒక సెమిస్టరు, బీసీ రెండు సెమిస్టర్ల కళాశాల గణితమునకు సమానముగా రూపొందించబడినవి.

ఇంటర్నేషనల్ బాకలారియేట్ (ఐబీ): ఈ సంస్థ 1968లో జెనీవాలో స్థాపించబడినది. ప్రతి విషయమునకు స్కోరు 1 నుండి 7 వరకు. అనేక కళాశాలలు హయ్యర్ లెవెల్ విషయములకు మాత్రమే క్రెడిట్ ఇచ్చుచున్నవి.

డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్: ఉన్నత పాఠశాల విద్యార్థి అదే సమయములో కళాశాల కోర్సు చదువుట. ఇందులో వచ్చిన గ్రేడు కళాశాల రికార్డులో శాశ్వతముగా నిలుచును. తక్కువ గ్రేడు వచ్చినను అంతే.

ఇవి గాక, గణితము, విదేశీ భాషలు వంటి విషయములలో అనేక కళాశాలలు సొంత ప్లేస్‌మెంట్ పరీక్షలు నిర్వహించును.

నిర్ణయాధికారము

పరీక్ష నిర్వహించు సంస్థ స్కోరు మాత్రమే ఇచ్చును. క్రెడిట్ ఇచ్చునది కళాశాల. అందువలన ఒకే స్కోరునకు ఒకచోట క్రెడిట్, మరొకచోట ప్లేస్‌మెంట్ లభించవచ్చును. వేరొకచోట ఏదియు లభించకపోవచ్చును. 2014లో ప్రవేశించిన విద్యార్థుల నుండి డార్ట్‌మత్ కళాశాల ఏపీ స్కోర్లకు క్రెడిట్ నిలిపివేసి, ప్లేస్‌మెంట్‌ను కొనసాగించినది. దీనికి భిన్నముగా టెక్సస్, ఇల్లినాయ్ రాష్ట్రములు 2015లో, ప్రభుత్వ విద్యాసంస్థలు ఏపీ స్కోరు 3 లేక అంతకు మించినచో క్రెడిట్ ఇవ్వవలెనని చట్టములు చేసినవి. టెక్సస్ చట్టము ప్రకారము, తగిన ఆధారములున్నచో ఆయా సంస్థలు ఇంకను ఎక్కువ స్కోరు కోరవచ్చును.

పరిమితులు

లభించిన క్రెడిట్లు ఐచ్ఛిక కోర్సుల క్రింద లెక్కింపబడినచో, ప్రధాన విషయములోని కోర్సులు తగ్గవు. అందువలన క్రెడిట్లు అధికముగా నున్నను డిగ్రీ ముందుగా పూర్తి కాకపోవచ్చును. కళాశాల మారినచో క్రొత్త కళాశాల ఆ స్కోర్లను తన నియమముల ప్రకారము తిరిగి పరిశీలించును. అనేక వైద్య కళాశాలలు జీవశాస్త్రము, రసాయన శాస్త్రము వంటి ముందస్తు అర్హతా కోర్సులకు ఏపీ క్రెడిట్‌ను అంగీకరించవు. లేదా దానికి తోడు కళాశాలలో పై స్థాయి కోర్సులు చదువవలెనని కోరును. కావున వైద్యవిద్య కోరువారు, ఎన్ని ఏపీ పరీక్షలు వ్రాయవలెనో నిర్ణయించుకొనుటకు ముందే, తాము చేరదలచిన సంస్థల నియమములను చదువుట అవసరము.

తెలుగు రాష్ట్రాలతో పోలిక

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇంటర్మీడియట్ మార్కులు డిగ్రీ ప్రవేశమునకు అర్హత కల్పించును గాని, డిగ్రీలోని పాఠ్యాంశములను తగ్గించవు. పాలిటెక్నిక్ డిప్లొమా పొందినవారు ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరములో నేరుగా చేరు పద్ధతి మాత్రము దీనికి కొంత దగ్గరగా నున్నది.