శస్త్రవైద్యుల్లో బర్నౌట్

శస్త్రచికిత్స చేసే వైద్యుల్లో ఏళ్ల తరబడి తెగని పని ఒత్తిడి వల్ల మనసు ఎండిపోయే స్థితిని బర్నౌట్ అంటారు. దీనికి మూడు ముఖాలు చెబుతారు. లోపలి శక్తి అడుగంటుతుంది. రోగి మనిషిగా కాక ‘మూడో మంచం కేసు’గా కనబడతాడు. చేస్తున్న పని దండగ అనిపిస్తుంది. రాత్రంతా ఆపరేషన్ థియేటర్లో నిలబడితే వచ్చే అలసట ఒక పూట నిద్రతో తీరుతుంది, ఇది వారం సెలవు పెట్టినా తీరదు. ‘వృత్తి అలసట’ వంటి అనువాదాలు ఉన్నా తెలుగు పత్రికల్లోనూ ఆసుపత్రుల్లోనూ ఇంగ్లీషు మాటే ఎక్కువగా వినబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు దీన్ని వ్యాధిగా లెక్కించలేదు. ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా నమోదు చేసింది. వ్యాధి అని రాసి ఉంటే చికిత్స డాక్టరుకు జరగాలి. ఇప్పుడు ముందుగా సరిచేయవలసింది డ్యూటీ చార్టు.

పూర్వరంగం

సుశ్రుత సంహిత సూత్రస్థానంలో శస్త్రవైద్యుడి లక్షణాలు చెప్పిన చోట ధైర్యం, చేతి వేగం, పదునైన పనిముట్లతో పాటు చెమట పట్టకపోవడం, చెయ్యి వణకకపోవడం, తడబడకపోవడం కూడా ఉన్నాయి. వణికే చేతులను చూసినవాడే ఈ నియమం పెట్టి ఉంటాడు. ఐరోపాలో శస్త్రచికిత్స కొన్ని శతాబ్దాల పాటు క్షురకుల చేతిలో నడిచింది. 18వ శతాబ్దపు లండన్‌లో మూత్రాశయపు రాళ్లు తీయడంలో అందెవేసిన చేయి అయిన విలియం చెసెల్డెన్ సైతం ఆపరేషన్‌కు ముందు ఆందోళనతో నలతపడేవాడని చెబుతారు. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్ మత్తును ప్రదర్శించాక రోగి కేకలు ఆగాయి. దానితో ఆపరేషన్ల నిడివి, సంఖ్య రెండూ పెరిగాయి.

హాల్‌స్టెడ్, రెసిడెన్సీ పద్ధతి

ఈ చరిత్రలో అందరికన్నా ఎక్కువ చోటు దక్కవలసినవాడు విలియం స్టీవర్ట్ హాల్‌స్టెడ్ (1852–1922). న్యూయార్క్‌లో పుట్టాడు, యేల్‌లో చదివాడు. 1878–80 మధ్య వియన్నాలోనూ జర్మన్ నగరాల్లోనూ తిరిగి అక్కడి క్లినిక్‌ల పద్ధతి చూసి వచ్చాడు. 1884లో కార్ల్ కొల్లర్ కంటి ఆపరేషన్‌కు కొకైన్ పనికొస్తుందని చూపగానే, హాల్‌స్టెడ్, అతని తోటి వైద్యులు ఆ మందును తమ ఒంట్లోకే ఎక్కించుకుని పరీక్షించారు. నరానికి మత్తిచ్చి శరీరంలో ఒక భాగాన్ని మొద్దుబార్చే పద్ధతి అలా చేతికొచ్చింది. వ్యసనమూ దానితోనే వచ్చింది. 1886లో హాల్‌స్టెడ్ ప్రావిడెన్స్‌లోని బట్లర్ ఆసుపత్రిలో చేరాడు. కొకైన్ మాన్పించే క్రమంలో మార్ఫిన్ అలవాటైంది. మిత్రుడు విలియం వెల్చ్ అతన్ని బాల్టిమోర్ రప్పించి తన ప్రయోగశాలలో చోటిచ్చాడు. 1889లో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి మరుసటి ఏడు హాల్‌స్టెడ్ ప్రధాన సర్జన్ అయ్యాడు. మార్ఫిన్ సంగతి దగ్గరివాళ్లు కొద్దిమందికే తెలుసు. సహోద్యోగి విలియం ఆస్లర్ రాసి దాచిపెట్టించిన చిన్న పుస్తకం 1969లో వెలుగు చూశాకే లోకానికి తెలిసింది.

సర్జరీకి అతను చేసిన మేలు అసామాన్యం. థియేటర్లో రబ్బరు తొడుగులు వాడుకలోకి వచ్చింది అతని చొరవతోనే. కణజాలాన్ని నలపకుండా, రక్తం పోకుండా, తొందరపడకుండా కోయడం నేర్పాడు. అయితే అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచింది అతని శిక్షణ పద్ధతి. 1904లో యేల్‌లో ఇచ్చిన ప్రసంగంలో తన దగ్గర శిక్షణకు సగటున ఎనిమిదేళ్లు పడుతుందని చెప్పాడు. ఆరేళ్లు సహాయకుడిగా, రెండేళ్లు హౌస్ సర్జన్‌గా. శిష్యుల కాపురం ఆసుపత్రిలోనే. ‘రెసిడెంట్’ అన్న మాటకు అసలు అర్థం అదే. పెళ్లి మాట ఎత్తడానికి వీలుండేది కాదు. చేరినవాళ్లలో ఏటేటా కొందరు జారిపోగా చివరికి శిఖరం మీద ఒక్కరే మిగిలేవారు. మూడు దశాబ్దాలకు పైగా సాగిన అతని హయాంలో ప్రధాన రెసిడెంట్లుగా ఎదిగినవాళ్లు 17 మంది. వాళ్లలో హార్వీ కుషింగ్ నాడీ శస్త్రచికిత్సకే పితామహుడనిపించుకున్నాడు. గురువు మాత్రం వేసవి నెలలు నార్త్ కరోలినాలోని తన ఎస్టేట్‌లో గడిపేవాడు. వార్డు శిష్యుల మీద నడిచేది.

కొకైన్ మత్తులో నిద్ర తెలియని మనిషి కాబట్టే నిద్రలేని శిక్షణ కనిపెట్టాడన్న కథ వ్యాసాల్లో తరచూ కనబడుతుంది. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది కానీ కాలక్రమం దీనికి పూర్తిగా అతకదు. పద్ధతికి నమూనా జర్మన్ క్లినిక్‌లది. అది రూపుదిద్దుకునే నాటికి అతను ప్రధానంగా మార్ఫిన్ మీద ఉన్నాడు. మార్ఫిన్ మనిషిని ఉరకలెత్తించే మందు కాదు. శిష్యులు గురువులై తమ శిష్యుల్ని అలాగే పెంచారు, ఓర్చుకోవడమే అర్హత అన్న అభిప్రాయం అలా తరాల వెంట దిగింది.

మాట పుట్టుక, కొలత

1960లో గ్రాహం గ్రీన్ కాంగోలోని కుష్ఠురోగుల ఆశ్రమం నేపథ్యంగా ‘ఎ బర్న్ట్ అవుట్ కేస్’ నవల రాశాడు. అవయవాలను తినగలిగినంత తిని రోగం చల్లారిపోయినవాళ్లను అక్కడి వైద్యులు ఆ మాటతో పిలిచేవారు. వైద్య ఉద్యోగులకు దాన్ని అన్వయించినవాడు మనస్తత్వ నిపుణుడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్. ఫ్రాంక్‌ఫర్ట్‌లో యూదు కుటుంబంలో పుట్టి, నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరాడు. పగలు సొంత ప్రాక్టీసు, రాత్రి న్యూయార్క్‌లోని ఉచిత క్లినిక్‌లో సేవ. అక్కడ తనలోనూ తోటి సేవకుల్లోనూ గమనించిన దాన్ని 1974లో వ్యాసంగా ప్రచురించాడు.

కొలత తెచ్చిన ఘనత క్రిస్టీనా మాస్లాక్‌ది. బర్క్లీలో పనిచేసిన ఆమె 1981లో సుసాన్ జాక్సన్‌తో కలిసి 22 ప్రశ్నల పట్టికను తయారుచేశారు. తరువాతి సర్జన్ల సర్వేలు చాలావరకు ఆ పట్టిక మీదే ఆధారపడ్డాయి. అయితే ఎన్ని మార్కులు వస్తే బర్నౌట్ అనాలో ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. వైద్యులందరి మీద 45 దేశాల్లో జరిగిన 182 అధ్యయనాలను 2018లో ఒకచోట చేర్చి చూస్తే, కనీసం 142 రకాల నిర్వచనాలు తేలాయి. బర్నౌట్ శాతం సున్నా నుంచి 80.5 వరకు పలికింది. కింద ఇచ్చిన అంకెలను ఆ మెలకువతో చదవాలి.

పని గంటలు

1984 మార్చిలో న్యూయార్క్‌లో లిబ్బీ జియాన్ అనే 18 ఏళ్ల యువతి ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటల్లోనే చనిపోయింది. చూసిన వైద్యులు సుదీర్ఘ డ్యూటీలో ఉన్న శిక్షణార్థులు. వాళ్లు సర్జన్లు కారు, అయినా సర్జన్ల డ్యూటీ చార్టును మార్చింది ఆ చావే. ఆమె తండ్రి సిడ్నీ జియాన్ పాత్రికేయుడు, విషయాన్ని వదల్లేదు. బెర్ట్రాండ్ బెల్ నాయకత్వంలోని సంఘం సిఫార్సులతో 1989లో న్యూయార్క్ రాష్ట్రం రెసిడెంట్ల పనిని వారానికి 80 గంటలకు కట్టడి చేసింది. 2003లో అమెరికా అంతటా అదే పరిమితి వచ్చింది. 2011లో మొదటి ఏడాది వాళ్లకు ఒక విడత 16 గంటలు మించకూడదన్నారు. దీన్ని పరీక్షించడానికి 117 జనరల్ సర్జరీ శిక్షణ కేంద్రాలను రెండుగా చేసి, ఒక వర్గానికి విడత నిడివిలో వెసులుబాటు ఇచ్చారు. రోగుల ఫలితాల్లో తేడా కనబడలేదని 2016లో తేలింది. మరుసటి ఏడాదే 24 గంటల విడత తిరిగి వచ్చింది. ఐరోపా సమాఖ్య జూనియర్ డాక్టర్లను దశలవారీగా 2009 నాటికి వారానికి 48 గంటలకు తెచ్చింది.

2008 సర్వే, కారణాలు

అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ 2008లో తన సభ్యుల్లో జరిపిన సర్వే ఈ రంగంలో మైలురాయి. 7,905 మంది జవాబిచ్చారు. 40 శాతం మందిలో బర్నౌట్, 30 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. వయసు తక్కువ కావడం, ఇంట్లో పిల్లలుండడం, వారంలో కాల్ డ్యూటీ రాత్రులు, పని గంటలు, జీతం మొత్తం బిల్లుల మీదే ఆధారపడడం – ఇవి బర్నౌట్‌తో ముడిపడి కనిపించాయి. చివరిది ప్రత్యేకంగా గమనించదగ్గది. కేసు చేస్తేనే కాసు అన్న ఏర్పాటులో విశ్రాంతి తీసుకున్న రోజు నష్టపోయిన రోజవుతుంది.

అదే సర్వేలో, అంతకు ముందు 3 నెలల్లో తాము పెద్ద పొరపాటు చేశామేమో అన్నవాళ్లు దాదాపు 9 శాతం. రోగి పట్ల మొద్దుబారడాన్ని కొలిచే మార్కు ఒక్కటి పెరిగితే పొరపాటు చేశామని చెప్పే అవకాశం 11 శాతం పెరిగింది. పొరపాటు మనిషిని కుంగదీస్తుందా, కుంగిన మనిషి పొరపాటు చేస్తాడా అన్నది ఈ అంకె తేల్చదు. రెండూ జరిగే అవకాశముంది. పొరపాటు తరువాత డాక్టరు పడే వేదనకు వైద్యుడు ఆల్బర్ట్ వు 2000లో ‘రెండో బాధితుడు’ అని పేరు పెట్టారు. 2008 సర్వేలోనే, గడిచిన 12 నెలల్లో ఆత్మహత్య ఆలోచన వచ్చిందన్న 501 మందిలో మానసిక వైద్య సహాయం కోరినవాళ్లు 26 శాతం. లైసెన్సుకు ముప్పు వస్తుందని వెనకాడినవాళ్లు 60 శాతం.

2019లో వెలువడిన మరో పెద్ద అధ్యయనంలో 7,409 మంది సర్జరీ రెసిడెంట్లు పాల్గొన్నారు. వారానికి ఒకసారైనా బర్నౌట్ లక్షణాలు కనబడ్డవాళ్లు 38.5 శాతం. మహిళల్లో ఎక్కువ. వివక్ష, తిట్లు, వేధింపులు ఎవరు ఎంత ఎదుర్కొన్నారో లెక్కలోకి తీసుకున్నాక మాత్రం ఆడ మగ తేడా మాయమైంది. ఆడవాళ్లు ఈ వృత్తికి తట్టుకోలేరన్న పాత మాటకు ఇంతకన్నా సూటి జవాబు లేదు.

భారతదేశంలో

భారతదేశంలో ఈ భారం ఎక్కువగా మోసేది పీజీలు, అంటే పోస్ట్‌గ్రాడ్యుయేట్ శిక్షణలో ఉన్న జూనియర్ డాక్టర్లు. తెలుగు పత్రికల భాషలో జూడాలు. బోధనాసుపత్రిలో యూనిట్‌కు అడ్మిషన్ డే వచ్చిందంటే ఓపీతో మొదలైన రోజు రాత్రి ఎమర్జెన్సీ కేసుల మీదుగా మర్నాటి రౌండ్స్‌లోకి జారిపోతుంది. మొదటి ఏడాది పీజీ కత్తి పట్టేది తక్కువ. డ్రెస్సింగులు, రక్త నమూనాలు, బ్లడ్ బ్యాంకు చుట్టూ తిరగడం, కేస్ షీట్లు – వీటితోనే తెల్లారుతుంది. పైగా రోగి చనిపోతే బంధువుల కోపానికి మొదట దొరికేదీ అతడే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లోనే వైద్య సిబ్బందిపై దాడులను బెయిలు దొరకని నేరంగా చేస్తూ చట్టం తెచ్చింది. ఆ తరువాత కూడా దాడులు, వాటికి నిరసనగా జూడాల సమ్మెలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వార్తలవుతూనే ఉన్నాయి.

నిబంధనలు లేకపోలేదు. కేంద్ర ఆరోగ్య శాఖ 1992 రెసిడెన్సీ పథకం జూనియర్ రెసిడెంట్లు మామూలుగా వారానికి 48 గంటలు పనిచేయాలని, ఏకబిగిన డ్యూటీ 12 గంటలు దాటకూడదని చెప్పింది. జాతీయ వైద్య కమిషన్ 2023 పీజీ నిబంధనల్లో అంకె లేదు, సబబైన పని వేళలు, సబబైన విశ్రాంతి అన్న మాటలున్నాయి. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై కమిషన్ వేసిన కార్యదళం 5,337 మంది పీజీల జవాబులు కూడా చూసి 2024లో నివేదిక ఇచ్చింది. అది సూచించిన గరిష్ఠ పరిమితి వారానికి 74 గంటలు.