బల్బు మంచిదే... ఎర్త్ పోయింది!

డిసెంబరు నెల. రాత్రి తొమ్మిది దాటింది. మచిలీపట్నం నుంచి చల్లపల్లి వెళ్ళే 216 జాతీయ రహదారి మీద మంచు దిగుతోంది. ధాన్యం బస్తాల లోడుతో ఒక ట్రాక్టరు రైస్‌మిల్లు వైపు వెళ్తోంది. ముందు లైట్లు రెండూ బాగానే వెలుగుతున్నాయి. వెనక ట్రక్కు సంగతి సీట్లో కూర్చున్న రైతుకు ఎలా తెలుస్తుంది?

మిల్లు మలుపు వచ్చింది. కుడివైపు ఇండికేటరు వేసి, బ్రేకు తొక్కాడు.

వెనక కీచుమని టైర్ల చప్పుడు. ఆ వెంటనే దభీమని ఏదో పడింది.

రైతు కిందికి దూకి పరుగెత్తాడు. ఒక మోటారు సైకిలు రోడ్డు దిగి, కోసిన వరిచేలోకి దూసుకుపోయి ఉంది. నడిపే కుర్రాడికి మోచేయి గీరుకుపోయింది. వెనక కూర్చున్న అతని తల్లి గడ్డి కుప్ప మీద పడింది కాబట్టి సరిపోయింది.

"వెనక లైట్లేవండీ? ఏదో మిణుకుమిణుకుమంది. బ్రేకో, ఇండికేటరో తెలిసేలోపే మీదికొచ్చేశాను!"

"బల్బులు మొన్ననే మార్పించాను బాబూ..." రైతు గొంతు పెగల్లేదు.

అది నిజమే. వెలగనప్పుడల్లా కొత్త బల్బు వేయిస్తూనే ఉన్నాడు. దొడ్లో చూస్తే వెలిగేది, రోడ్డెక్కి నాలుగు గతుకులు తగలగానే పోయేది.

తన పేరు రాయొద్దన్నాడు ఆ రైతు. జరిగింది మాత్రం ఒక్క ముక్క కూడా దాచొద్దన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డు ముందు ట్రక్కు ఆగింది. పనికుర్రాడు బల్బు ఊడదీసి, హోల్డర్లో మీటరు పెట్టి చూశాడు.

"పన్నెండు వోల్టులు వస్తోంది మేస్త్రీ. కరెంటు బాగానే ఉంది."

"మీటరుకేంరా, ఒక్క రాగి పోగు తగులుతున్నా పన్నెండూ చూపిస్తుంది. బల్బు వెలగాలంటే ఆ ఒక్క పోగు చాలదు" అంటూ మేస్త్రి బల్బు మళ్ళీ పెట్టించి, పొడుగాటి వైరు ఒకటి తీసుకున్నాడు. ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు బిగించి, రెండో కొస హోల్డరు బాడీకి ఆనించాడు. బల్బు భగ్గున వెలిగింది. తీశాడు, ఆరిపోయింది. మళ్ళీ ఆనించాడు, వెలిగింది.

"చూశావా బాబాయ్! వచ్చే కరెంటు వస్తోంది. తిరిగి వెళ్ళడానికే దారి లేదు. నువ్వేమో బల్బుల మీద డబ్బులు తగలేస్తున్నావు."

చాలా ట్రక్కులకు ఆ తిరుగుదారి, అంటే ఎర్త్ కోసం విడిగా వైరు ఉండదు. కరెంటు ఇనప చట్రం మీదుగా, హుక్కు పిన్ను మీదుగా ట్రాక్టరుకు చేరాలి. ఆ పిన్నుకు ఒకపక్క తుప్పు, ఒకపక్క గ్రీజు, పైన రంగు. బండి ఊగినప్పుడల్లా ఆ ఆనిక తగులుతూ, తప్పుతూ ఉంటుంది. అది తప్పినప్పుడు బ్రేకు లైటుకు వచ్చిన కరెంటు ఇండికేటరు బల్బులో దూరి, దాని వైరు వెంటే ట్రాక్టరు ముందున్న ఇండికేటరు దాకా వెళ్ళి అక్కడ ఎర్త్ వెతుక్కుంటుంది. దారిలో అన్ని బల్బులూ పంచుకోవడంతో ఏ ఒక్కటీ నిండుగా వెలగదు. ముందురోజు రాత్రి ఆ కుర్రాడికి కనిపించిన మిణుకుమిణుకు అదే.

మేస్త్రి అంతటితో వదల్లేదు. లైటు అద్దం విప్పాడు. లోపల పచ్చగా చిలుము. ఈ ట్రక్కే వేసవిలో రొయ్యల చెరువుల దగ్గర ఐసు ట్రేలు మోస్తుంది. కారిన ఉప్పునీళ్ళు నేరుగా లైట్ల మీద పడతాయి. జాయింటు మీది టేపు లాగితే జిగురుతో పాటు నీటిచుక్కలు ఊడిపడ్డాయి. వైరు చివర తొడుగు ఒలిచాడు. రాగి నల్లబడి ఉంది. జానెడు కత్తిరించాడు, ఇంకా నలుపే. ఉప్పునీరు తొడుగు లోపలే పోగుల సందున పాకుతూ పోతుంది. ఎర్రటి రాగి తేలేదాకా కత్తిరిస్తూనే పోయాడు.

తర్వాత పని మామూలే. హోల్డర్లను, ప్లగ్గు పిన్నులను ఎమరీ పేపరుతో రుద్దాడు. చట్రం మీద రంగు గీకి, మెరిసే ఇనుము మీద ఎర్త్ బోల్టు బిగించాడు. అక్కడి నుంచి ట్రాక్టరు ప్లగ్గు దాకా విడిగా లావుపాటి ఎర్త్ వైరు లాగాడు. మెలిపెట్టిన జాయింట్లన్నీ తీసేసి, టంకం పెట్టి స్లీవు తొడిగాడు. వైరు చట్రంలోంచి దూరే చోట రబ్బరు బుష్ పెట్టాడు. బిగించినవాటి మీద వేజలీన్ పూశాడు.

"బాబాయ్, సీటెక్కు. లైట్లు వెయ్యి. ఇండికేటరు కూడా వెయ్యి. ఇప్పుడు బ్రేకు తొక్కు!"

మూడూ దేనికది వెలిగాయి. ఒక్కొక్కటే వేసి చూస్తే ఎర్త్ లోపం దొరక్కపోవచ్చు. మూడూ కలిపి వేస్తేనే బయటపడుతుంది.

వాహనం వెనక ఎర్రలైటు 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండికి ఆ దూరం తొమ్మిది సెకన్ల వ్యవధి. లైటు లేని ట్రక్కు మంచులో 30 మీటర్ల దగ్గర కనిపిస్తే మిగిలేది రెండు సెకన్లు కూడా కాదు. అందులో బ్రేకు మీదికి కాలు వెళ్ళేసరికే ఒక సెకను అయిపోతుంది.

రైతు సోదరులారా, కోతలు మొదలయ్యే ముందు ఒకసారి ట్రక్కు వెనక మనిషిని నిలబెట్టి, మూడు లైట్లూ కలిపి వేసి చూసుకోండి. వెలగకపోతే బల్బు కొనే ముందు ఎర్త్ చూపించండి. వైరుతో పనిలేని ఎర్ర రిఫ్లెక్టర్ టేపు కూడా అంటించండి. ఖర్చంతా కలిపినా ఒక ధాన్యం బస్తా విలువ చేయదు.